ఇరవై నాలుగు గంటలు

డిసెంబరు ఇరవై, శనివారం. ఉదయం మంచు. ఇంట్లో హాజరు: అమ్మమ్మ, నాన్నగారు (మధ్యాహ్నం నుంచి డ్యూటీ), అమ్మ, పిన్ని, నేను, తమ్ముడు. మొత్తం ఆరుగురు. కుట్టుపని మొదలయింది.

నా మొదటి డైరీలో నేను రాసిన మొదటి పేజీ ఇది. అప్పటికి నాకు పదకొండేళ్ళు. నాన్నగారు రైల్వే పార్శిలాఫీసులో గుమాస్తా. ఆఫీసులో ఎవరికో వచ్చిన డైరీ, ఏడాదంతా వాడి పారేయబోతుంటే తెచ్చి నా చేతిలో పెట్టారు.

“ఏడాది అయిపోతోంది కదా నాన్నగారూ, ఇందులో ఏం రాయను?” అన్నాను.

“ఇరవయ్యో తారీఖు నుంచి ఖాళీగానే ఉందిగా. ముందు అవి నింపు. మానకుండా నింపావంటే జనవరిలో కొత్తది తెస్తాను. ముందు తారీఖు, తర్వాత ఎవరెవరున్నారు, ఆ తర్వాతే ఏం జరిగిందో. ఎవరున్నారో రాయకపోతే రేపు నిన్నెవరూ నమ్మరు.”

ఆ వరసలోనే ఇన్నేళ్ళూ రాస్తూ వచ్చాను. ఉద్యోగం కూడా రికార్డు రూములోనే దొరికింది కాబట్టి ఆ అలవాటు నన్ను వదలలేదు, నేనూ దాన్ని వదలలేదు.

పోయిన వారం తమ్ముడి మనవరాలితో గవర్నర్‌పేట వెళ్ళాను. క్రిస్మస్ సామాను పెట్టిన దుకాణంలో ఆ పిల్ల ఒక ప్లాస్టిక్ పొట్లం తీసి నాకు చూపించింది. లోపల ఎర్రటి ఫెల్టు గంట, సూది, దారం, రెండు పూసలు. “అన్నీ కత్తిరించే ఉన్నాయి నానమ్మా, మనం కుట్టుకోవడమే,” అంది. నేను పొట్లం విప్పించి వాసన చూశాను. ఏ వాసనా లేదు.

“అది తినేది కాదు నానమ్మా,” అని ఆ పిల్ల నవ్వింది.

తినేది కాదని నాకూ తెలుసు. కానీ నాకు తెలిసిన ఫెల్టుకి ఒక వాసన ఉంది. ఇంటికి రాగానే బీరువా అడుగు అర లోంచి ఆ మొదటి డైరీ తీశాను.

*

మా చర్చి పక్కన మిషను కాంపౌండులో ఒక కుట్టు గది ఉండేది. దాన్ని నడిపిన దొరసానిగారు ఆ ఏడు తన దేశం వెళ్ళిపోయారు. గది ఖాళీ చేసినప్పుడు కుర్చీలు, కుట్టు మిషన్లు ఎవరెవరికో వెళ్ళాయి. సండే స్కూలు చెప్పే మా పిన్నికి మాత్రం ఒక దిండు గలీబు నిండా గుడ్డముక్కలు వచ్చాయి. పటమటలో మా అద్దె వాటా వరండాలో చాప పరిచి పిన్ని ఆ గలీబు బోర్లించింది. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, కాస్త పసుపు. వాటితోపాటు నాఫ్తలీను ఉండలు దొర్లుకుంటూ వచ్చాయి. తమ్ముడు ఒకటి పిప్పరమెంటు బిళ్ళనుకుని నోట్లో పెట్టుకోబోయాడు. అమ్మ వాడి చేతి మీద ఒక్కటిచ్చింది.

ఆ వాసనే నేను చెప్పేది. నాఫ్తలీను, ఉన్ని, ఇన్నాళ్ళూ వాటిని దాచిన ఇనప పెట్టె తుప్పు కలిసిన వాసన. దానికి వంటింట్లోంచి బెల్లప్పాకం, నువ్వులు, కాగిన నెయ్యి వాసన తోడయింది. ఇప్పటికీ ఎక్కడ బట్టల పెట్టె తెరిచినా నాకు అరిసెలు గుర్తొస్తాయి.

“ఇదేం గుడ్డే, అంచు చించినా పోగు ఊడటం లేదు,” అని అమ్మ ఒక ముక్కని పీకి చూసింది.

“ఫెల్టక్కా. నేసింది కాదు, ఉన్నిని తడిపి అణగదొక్కి చేస్తారంట,” అంది పిన్ని.

“పెల్టు,” అంది అమ్మమ్మ. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు పెల్టే.

పిన్ని ఆలోచన ఇది. ఏటా చర్చి ముందు పందిట్లో నిలబెట్టే క్రిస్మస్ చెట్టుకి రంగు కాగితాల దండలు కట్టేవాళ్ళు. మంచుకి అవి తడిసి రంగు కారేది. అంతకుముందు ఏడు ఆ రంగంతా పాస్టరు అయ్యగారి తెల్లటి అంగీ మీద పడి, ఆయన గులాబీ రంగు భుజాలతో ప్రసంగం చెప్పవలసి వచ్చింది. ఈ ఏడు కాగితం ముక్క కనపడకుండా చెట్టంతా ఫెల్టు నక్షత్రాలతో, గంటలతో నింపేస్తానని పిన్ని అయ్యగారికి మాట ఇచ్చింది.

పాత పెళ్ళిశుభలేఖ అట్ట మీద ఒక నక్షత్రం, ఒక గంట గీసి కత్తిరించి నాకిచ్చింది. ఆ అట్ట పెట్టి సుద్దతో గీసి కత్తిరించడం నా పని. సూదుల్లో దారం ఎక్కించడం తమ్ముడి పని. వాడికి ఆరేళ్ళు, చూపు సూదిలాగే ఉండేది. అంచుకి కాజా కుట్టు వెయ్యడం పిన్ని, అమ్మమ్మల పని. నాన్నగారి పాత చొక్కాల బొత్తాలు ఊడదీసి, గంట నాలుకల్లాగా వేలాడదీశాం.

అమ్మమ్మకి అప్పటికే రెండు కళ్ళలోనూ పొరలు కమ్మాయి. వెలుతురు, నీడ తప్ప పెద్దగా కనిపించేది కాదు. అయినా బొటనవేలితో అంచు తడుముకుంటూ కుట్టుకీ కుట్టుకీ తేడా లేకుండా వేసేది. పిన్ని ఒక గంట పూర్తి చేసేలోగా అమ్మమ్మ రెండు చేసేది.

“నువ్వు దొంగచాటుగా చూస్తున్నావమ్మా,” అనేది పిన్ని.

“కళ్ళున్న దానివి, నువ్వు మాటలు తగ్గించు. అదే వేగం వస్తుంది,” అనేది అమ్మమ్మ.

ఆ రెండు రోజులూ నాకు అన్నం కూడా చాప మీదికే తెచ్చుకోవాలని ఉండేది. ఒక్కో బొమ్మ కత్తిరించగానే కింద పడ్డ తుక్కు తీసి, అందులోంచి ఇంకేదైనా వస్తుందా అని చూసేదాన్ని. ఆదివారం డైరీలో ఇలా ఉంది: “నక్షత్రాలు పద్దెనిమిది. గంటలు పధ్నాలుగు. తమ్ముడు చాప మీద పడుకుని లేస్తే వాడి నిక్కరుకి ఒక నక్షత్రం కుట్టబడి ఉంది. పిన్ని చేసింది. ఒప్పుకోవడం లేదు.”

*

అమ్మమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి.

ముప్పై ఏళ్ళు ఆమె బైబిల్ ఉమన్‌గా పనిచేసింది. గుడివాడ వైపు కాలువ గట్ల వెంట నడిచి, పల్లెపల్లెకీ వెళ్ళి ఆడవాళ్ళకీ పిల్లలకీ బైబిలు కథలు చెప్పేది. ఆమె దగ్గర నీలం ఫ్లానల్ గుడ్డ బిగించిన చెక్క బోర్డు ఒకటి, దాని మీద అంటించే బొమ్మలు ఒక గలీబు నిండా ఉండేవి. బొమ్మల వెనక ఉన్ని గుడ్డ ఉండటంతో, మేకు గానీ జిగురు గానీ లేకుండా ఆనించగానే బోర్డుకి అతుక్కునేవి. మరియమ్మ, యోసేపు, గాడిద, గొర్రెలు, జ్ఞానులు, దేవదూత. చూపు పోయాక కూడా ఏ బొమ్మ ఏదో ఆమెకి వేళ్ళతోనే తెలిసేది.

ఆమె ఎక్కువ కాలం పనిచేసిన పల్లె ఒకటుంది. అక్కడివాళ్ళు ఆ డిసెంబరులో కబురు పెట్టారు: బైబిలమ్మగారు ఒక్కసారి వచ్చి పండగ ముందు రోజు కథ చెప్పాలి. ఆ కళ్ళతో గట్టు మీద ఎట్లా నడుస్తావని అమ్మ గొడవపెట్టింది.

“ఈ ఒక్క ఏడు వెళ్ళనీవే. నా కాళ్ళకి ఆ గట్టు తెలుసు. చెప్పి, బోర్డూ బొమ్మలూ అక్కడ పిల్లలకి చెప్పే అమ్మాయికి అప్పగించి వచ్చేస్తాను. ఇంక మళ్ళీ అడగను,” అంది అమ్మమ్మ.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆ గలీబు దాచుకున్న తన పెట్టె ముందు కూర్చుని బొమ్మలు ఒక్కొక్కటే తడిమి సర్దుకునేది. నన్నూ తోడు తీసుకెళ్తానంది. తమ్ముడు ఏడ్చి తనకీ చోటు సంపాదించుకున్నాడు. బుధవారం ప్రయాణం.

*

సోమవారం మధ్యాహ్నం పిన్ని తమ్ముణ్ణి వెంటబెట్టుకుని చర్చికి వెళ్ళింది. క్రిస్మస్ చెట్టంటే మాకు సరుగుడు చెట్టు. బందరు ఇసకల నుంచి లారీ మీద వచ్చేది. ఆ రోజు వస్తుందని పిన్ని ఎదురుచూపు. అమ్మ బియ్యప్పిండి పట్టించడానికి మిల్లుకి వెళ్ళింది. అమ్మమ్మ నిద్రపోతోంది. నేను ఒక్కదాన్నే మిగిలిన ముక్కలు రంగుల వారీగా వేరు చేస్తున్నాను. బొటనవేలంత ముక్కలు తప్ప ఏమీ మిగల్లేదు.

తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“అక్కా, పిన్ని చెప్పమంది. చెట్టుకి ఇంకా ఇరవై నాలుగు గంటలు కావాలంట.”

“ఇరవై నాలుగా? సరిగ్గా విన్నావా?”

“రెండుసార్లు చెప్పింది. రేపు సాయంత్రానికి, అని కూడా అంది.”

నాకు ఎక్కడలేని సంబరం వచ్చింది. పిన్ని నన్ను నమ్మి, రేపు సాయంత్రం లోగా ఇరవై నాలుగు గంటలు కావాలని కబురు పెట్టింది. కానీ గుడ్డ ఏది? ఇంట్లో ఉన్ని గుడ్డ ఇంకెక్కడుందా అని ఆలోచిస్తే అమ్మమ్మ పెట్టె గుర్తొచ్చింది.

ఆ గలీబు తెరిచినప్పుడు నేనేమీ దొంగలా ప్రవర్తించలేదు. బొమ్మల్ని ఒక్కొక్కటే తీసి కాగితం మీద వరసగా పెట్టాను. ఒక్కదాన్నీ ముట్టుకోదలచుకోలేదు. అన్నిటికంటే అడుగున మడత పెట్టిన గోధుమ రంగు గుడ్డ ఒకటుంది. మూరెడు పొడవు, జానెడుకి కాస్త ఎక్కువ వెడల్పు. పక్క అంచులు కొంచెం వాలుగా ఉన్నాయి. దాని మీద కన్ను లేదు, ముక్కు లేదు, గీత లేదు. బొమ్మలు చుట్టడానికి పెట్టుకున్న గుడ్డ అనుకున్నాను. డైరీలో కూడా ఎక్కించాను: “అమ్మమ్మ సంచిలో మిగులు గుడ్డ ఒకటి. గోధుమ రంగు. బొమ్మ లేదు.”

అట్ట పెట్టి చూస్తే అడ్డం ఆరు, నిలువు నాలుగు. సరిగ్గా ఇరవై నాలుగు. లెక్క అట్లా కుదరడం చూసి నేను చేస్తున్నది మంచి పనేనని పూర్తిగా నమ్మాను. సాయంత్రానికల్లా ఇరవై నాలుగూ కత్తిరించి చాప మీద వరసలు కట్టాను.

చీకటి పడుతుండగా పిన్ని వచ్చి చెప్పులు విడుస్తూ చాప వైపు చూసింది.

“ఇవేంటే?”

“నువ్వడిగిన గంటలు. బొత్తాలు కుట్టడమే మిగిలింది.”

“నేనెప్పుడడిగాను?”

“ఇరవై నాలుగు గంటలు కావాలన్నావంటగా.”

పిన్ని ఒక్క క్షణం తమ్ముడి వైపు చూసింది. తర్వాత గుమ్మంలోనే కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

“ఒరే వెర్రినాగన్నా, చెట్టు రావడానికి ఇంకా ఇరవై నాలుగు గంటలు కావాలన్నానురా. లారీ బందర్లోనే ఆగిపోయింది. రేపు సాయంత్రానికి గానీ రాదు.”

“అదే కదా చెప్పాను,” అన్నాడు తమ్ముడు.

అమ్మ వంటింట్లోంచి నవ్వింది. నిద్ర లేచి కూర్చున్న అమ్మమ్మ కూడా నవ్వుతూ చెయ్యి చాపింది. “ఏదీ, ఒకటిలా ఇవ్వు, చూద్దాం.”

నేనొక గంట ఆమె చేతిలో పెట్టాను. బొటనవేలితో తడిమింది. నవ్వు ఆగింది. మళ్ళీ తడిమింది. లేచి పెట్టె దగ్గరికి వెళ్ళి గలీబు ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే బయటికి తీసింది. మరియమ్మ, యోసేపు, గాడిద, గొర్రెలు, జ్ఞానులు, దూత. చెయ్యి గలీబు అడుగున తిరిగి తిరిగి ఖాళీగా బయటికొచ్చింది.

“పాక ఏదే?” అంది.

“పాకం ఇంకా రాలేదమ్మా,” అంది అమ్మ వంటింట్లోంచి. “ముదురుతుందేమోనని దగ్గరే నిలబడ్డాను.”

ఇంకెప్పుడైనా అయితే అందరం పడిపడి నవ్వేవాళ్ళం.

ఆ గోధుమ రంగు గుడ్డ, యేసుబాబు పుట్టిన పశువుల పాక. దొరసానిగారు మొదట మన దేశం వచ్చినప్పుడు వేసుకొచ్చిన ఉన్ని కోటు బెజవాడ ఎండలకి పనికిరాక అమ్మమ్మకి ఇచ్చేస్తే, దాని వీపు కత్తిరించి అమ్మమ్మ పాక కప్పు చేసుకుంది. ఆ పల్లెలో ఇళ్ళన్నీ తాటాకు పాకలే. వాళ్ళ ఇంటి కప్పు వాలు ఎట్లా ఉంటుందో చూసి, అదే వాలుతో కత్తిరించింది. సత్రంలో చోటు లేదన్నారు, మరి ఎక్కడికెళ్ళారు, అని అడిగేదట. పిల్లలంతా ఒక్క గొంతుతో “మన పాకలోకి” అనేవాళ్ళట. అప్పుడు ఈ గుడ్డ బోర్డు మీద పెట్టేది. ముప్పై ఏళ్ళు వాళ్ళు ఎదురుచూసింది మరియమ్మ కోసం కాదు, జ్ఞానుల కోసం కాదు, తమ పాక కోసం.

పిన్ని నా వైపు చూసింది. నేను డైరీ తెచ్చి, ఏం చెయ్యాలో తెలియక, ఆ మధ్యాహ్నం రాసిన వాక్యం గట్టిగా చదివాను. “అమ్మమ్మ సంచిలో మిగులు గుడ్డ ఒకటి. గోధుమ రంగు. బొమ్మ లేదు.”

అమ్మమ్మ మొహం నా గొంతు వైపు తిప్పింది.

“కళ్ళూ ముక్కూ ఉంటేనే బొమ్మా తల్లీ?” అంది. అంతే. తిట్టలేదు. బొమ్మలు మళ్ళీ గలీబులో పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఈసారి ఆమె వేళ్ళు గాడిదనీ గొర్రెనీ కూడా రెండోసారి తడిమి పోల్చుకున్నాయి.

*

మంగళవారం ఉదయమే పిన్నీ నేనూ గవర్నర్‌పేట బట్టల కొట్లన్నీ తిరిగాం. ఒక కొట్లో ముసలి షావుకారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు.

“పెళ్ళికా అమ్మా? పట్టు చూపించమంటారా?”

“పెళ్ళి కాదండీ, పెల్టు. ఉన్నితో చేసిన మందపాటి గుడ్డ.”

“ఉన్నా? ఈ ఊళ్ళోనా?” అని ఆయన జాలిగా చూశాడు. “కావాలంటే మఖ్మల్ ఉంది.”

మఖ్మల్ ముక్క ఒకటి తెచ్చాం. బోర్డు మీద నిలవకుండా జారిపోయింది. గోనె ముక్క కత్తిరించాం, అదీ నిలవలేదు. పిన్ని గంటలన్నిటినీ అంచుకి అంచు కలిపి కుట్టేద్దామంది. గంట అంచులు వంపులు కదా, మధ్యలో సందులు వచ్చాయి. అది పాకలా లేదు, తూట్లు పడ్డ దోమతెరలా ఉంది. విప్పేశాం. మధ్యాహ్నానికి పిన్ని చెట్టు పని మీద చర్చికి పోక తప్పలేదు. నేను మూల కూర్చున్నాను. డైరీ పేజీలో ఆ మధ్యాహ్నం గురించి ఏమీ లేదు. అన్నం తిన్నానో లేదో కూడా లేదు.

తమ్ముడికి దిగులు లేదు. బోర్డు నేల మీద పెట్టి, గంటల్ని ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా పేరుస్తున్నాడు. అటుగా వచ్చిన అమ్మమ్మ కాలికి బోర్డు తగిలింది. వంగి చెయ్యి వేసింది.

“ఎవరు పెట్టారిది?”

“నేనే అమ్మమ్మా. చేప పొలుసులు.”

అమ్మమ్మ నేల మీద కూర్చుంది. అరచెయ్యి కింది నుంచి పైకి పోనిచ్చింది, మళ్ళీ పై నుంచి కిందికి. ఆమె మొహం ఎట్లా మారిందో నాకిప్పటికీ కనిపిస్తుంది.

“పొలుసులు కాదురా నాయనా, తాటాకు,” అంది. “ఇన్నేళ్ళూ నా పాక బోడి గుడ్డ. కప్పంటే ఇట్లా కదా, వరస మీద వరస చేతికి తెలియాలి. ఒసేయ్ పిల్లా, ఎక్కడున్నావు? ఆ గంటలన్నీ లెక్కపెట్టి పట్టుకురా. కుట్టొద్దు. విడివిడిగానే ఉండనీ. అక్కడ నువ్వే ఒక్కొక్కటీ అంటించాలి.”

నేను మూడుసార్లు లెక్కపెట్టాను. తర్వాత అన్నం అడిగాను.

*

డిసెంబరు ఇరవై నాలుగు, బుధవారం. ప్రయాణంలో హాజరు: అమ్మమ్మ, నేను, తమ్ముడు. బస్టాండు దాకా నాన్నగారు.

గుడివాడ దారిలో బస్సు దిగేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. కాలువ గట్టు మీద అమ్మమ్మ నా భుజం పట్టుకుని నడిచింది గానీ, నిజానికి దారి చూపించింది ఆమే. “ఇక్కడ గట్టు కోసుకుపోయి ఉండాలి, ఎడం పక్కకి రా,” అనేది. ఉండేది. రెండు పక్కలా కోసిన వరిపనలు, కుప్పలు. కొత్త గడ్డి వాసన, తడి మట్టి వాసన. ఎదురొచ్చిన ఆడవాళ్ళు తట్టలు దించి, “బైబిలమ్మగారా, మా ఇంటికే రావాలి, మా ఇంటికే,” అని చేతులు పట్టుకుని లాగారు.

ప్రార్థన పాక ముందు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీసి ఉంది. దాన్ని ఇనప కడ్డీతో కొడితే జనం పోగవుతారు. వాళ్ళు దాన్ని గంట అనేవాళ్ళు. కొట్టారు. పొద్దు వాలక ముందే పాక ముందు జాగా నిండిపోయింది. పిల్లలు ముందు, ఆడవాళ్ళు వాళ్ళ వెనక, మగవాళ్ళు గోడల వెంట.

అమ్మమ్మ కథ మొదలుపెట్టగానే ఆమె గొంతులో ముప్పై ఏళ్ళు తగ్గాయి. బొమ్మలు వరసగా అందిస్తున్నాను. గాడిద నడిచింది. సత్రం తలుపు మూసుకుంది.

“చోటు లేదన్నారు. నిండు నెలల మనిషి. చీకటి పడుతోంది. మరి ఎక్కడికెళ్ళారు?”

“మన పాకలోకి,” అని పిల్లలూ పెద్దలూ కలిసి అరిచారు. పల్లె అంతా బోర్డు వైపు వంగింది.

నేను బోర్డు దగ్గరికి వెళ్ళాను. డైరీలో గీసుకున్న ప్రకారం పై వరస నుంచి మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. పై వరస ఆరూ అయ్యాయి. రెండో వరస మొదటి గంటని పై వరస మీదికి కాస్త ఎక్కించాను. పాకలా లేదు. ఇంకొకటి పెట్టాను. గాలికి రెండూ ఊడి కింద పడ్డాయి. వెనక ఎవరో గుసగుసలాడారు. “పాకేదీ? ఏటా పెట్టేది ఏదీ?” అమ్మమ్మ చెయ్యి గాల్లో ఆగి ఉంది. ఆమెకి కనపడదు. ఏం జరుగుతోందో నేను చెప్పాలి. నేను వంగి, పడ్డ గంటలు ఏరుకుంటున్నాను.

“ఆగమ్మా పాపా,” అన్నాడు గోడ పక్కనున్న ఒక తాత. “కొన కాణ్ణించి కప్పుకొస్తే వాన నీళ్ళన్నీ మరియమ్మ నెత్తినే పడతయ్యి. చూరు కాడ మొదలెట్టి పైకి రావాల.”

అందరూ గొల్లుమన్నారు.

“ఎవరది?” అంది అమ్మమ్మ.

“నేనేనమ్మా బైబిలమ్మగారూ. ఈ పల్లెలో పాకలన్నీ కప్పింది నేనే గదా.”

“అయితే నువ్వే వచ్చి కప్పు.”

“నా చేతులు మొరటయ్యి. అంత సన్నం పని నావల్ల కాదు. పిల్లకాయల్ని పంపిత్తా, నేను చెప్తా ఉంటా.”

నేను పెట్టినవన్నీ తీసేశాను. పిల్లలు ఒక్కొక్కళ్ళూ లేచి వచ్చారు. వచ్చినవాళ్ళ చేతిలో నేనొక గంట పెట్టడం, వాళ్ళు వెళ్ళి బోర్డుకి ఆనించి అరచేత్తో నొక్కడం. తాత వెనక నుంచి నడిపించాడు. “చూరు కాడ. ఆ పక్కన. సందు ఇడవమాక. ఇప్పుడు పైవరస, కింద దాని తల మూసెయ్యి. ఆఁ, అట్టా.” ఇంట్లో పైకప్పు ఎక్కిన తాతలకి ఆకు అందించినట్టే ఉంది వాళ్ళ వాటం. ఒక్కటీ ఊడలేదు. నాలుగో వరస అయ్యేసరికి నీలం బోర్డు మీద అచ్చం తాటాకు కప్పు నిలబడింది. ఆడవాళ్ళు “అదిగో” అన్నారు.

అమ్మమ్మ నెమ్మదిగా లేచి వచ్చి కింది నుంచి పైకి తడిమింది.

“ఎంతమంది కప్పారు?”

“ఇరవై నాలుగు మంది అమ్మమ్మా.”

“ఇంక వాన వచ్చినా పర్లేదు,” అని చెప్పి, మరియమ్మని తనే పాక కింద పెట్టింది.

కథ అయ్యాక బోర్డు అప్పగించడానికి నేను బొమ్మలు తీసి సర్దుతుంటే, కప్పు ఉండాల్సిన చోట ఒక్క గంట కూడా లేదు. కథ చివర అందరూ పాట పాడుతున్నంతసేపట్లో, ఎవరు అంటించింది వాళ్ళు పట్టుకుపోయారు. నేను పరిగెత్తబోయాను. అమ్మమ్మ నా జడ పట్టుకుని ఆపింది.

“పోనియ్యవే.”

“అమ్మమ్మా, మళ్ళీ పాక లేకుండా పోయింది.”

“కప్పినవాళ్ళ దగ్గరే ఉందిగా. వచ్చే ఏడు ఎవరిది వాళ్ళు తెచ్చుకుంటారు. కథ చెప్పే ఆ అమ్మాయికి పని తగ్గింది.”

*

మేము చేసిన ఎర్ర, ఆకుపచ్చ గంటలు ఆ ఏడు చర్చి చెట్టు మీద చక్కగా ఉన్నాయనీ, అయ్యగారి అంగీ తెల్లగానే మిగిలిందనీ పిన్ని తర్వాత పదేపదే చెప్పింది. అదేదీ నేను చూడలేదు. చివరి బస్సు వెళ్ళిపోవడంతో మేం ఆ తాత ఇంట్లోనే ఉండిపోయాం. జనవరిలో నాన్నగారు మాట ప్రకారం కొత్త డైరీ తెచ్చారు. నింపి పెట్టిన డైరీలు ఇప్పుడు రెండు అరలు నిండా ఉన్నాయి. మొన్నామధ్య ఆ గట్టు మీదుగా కారులో వెళ్ళాను. అన్నీ డాబాలే. చూరు ఉన్న ఇల్లు ఒక్కటీ కనపడలేదు. అమ్మమ్మ ఆ గట్టు మళ్ళీ ఎక్కలేదు.

డిసెంబరు ఇరవై ఐదు, గురువారం. హాజరు: అందరూ.

ఆ పేజీలో అంతే ఉంది. పల్లె మొత్తం పేర్లు రాయడానికి చోటు చాలదని అట్లా రాశానేమో. కానీ ఆ ఉదయం నాకు అక్షరం తప్పకుండా గుర్తుంది. మంచు ఇంకా విడలేదు. అమ్మమ్మ నులక మంచం మీంచి ఇంకా లేవలేదు. పొయ్యిల పొగ వాసన. నేను వేపపుల్లతో బయటికి వచ్చి, తల ఎత్తితే, తాత ఇంటి చూరుకి పీచు తాడుతో కట్టిన గోధుమ రంగు గంట ఒకటి వేలాడుతోంది. పక్కింటి చూరుకి ఇంకొకటి. వీధి పొడుగునా ఇంటికొకటి, ఇద్దరు పిల్లలున్న ఇంటికి రెండు, మంచు బొట్లతో బరువెక్కి వేలాడుతున్నాయి. పుల్ల నోట్లోనే ఉంచుకుని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా లెక్కపెడుతూ నడిచాను. ఇరవై మూడు వచ్చాయి. వెనక్కి తిరిగి మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై మూడే. అప్పుడు ప్రార్థన పాక ముందు రైలు పట్టా మోగింది. కొడుతున్న కుర్రదాని తలకి పైన, ఆ ఇనప ముక్కని కట్టిన తాడుకే, ఇరవై నాలుగోది కట్టి ఉంది. ఇనుము మోగినప్పుడల్లా అది చప్పుడు లేకుండా ఊగుతోంది.

నేను పరిగెత్తుకుంటూ తాత ఇంటికి వచ్చాను. మోతకి అమ్మమ్మ లేచి కూర్చుంది. దుప్పటి సర్దుకుంటూ, అడుగుల చప్పుడు విని అడిగింది.

“ఎన్ని గంటలయిందే?”

“ఇరవై నాలుగూ ఉన్నాయి అమ్మమ్మా,” అన్నాను.